అరవై పైసల వంకాయలు

ఢిల్లీశ్వరరావు మాస్టారు ఎవరినీ నమ్మడని ఊళ్లో అందరికీ తెలుసు. దానికి ఎవరూ నొచ్చుకునేవారు కాదు. ఆయన ముందుగా తనను తానే నమ్మేవాడు కాదు మరి. బడికి తాళం వేసి, పది అడుగులు నడిచి, వెనక్కి వచ్చి తాళం లాగి చూసేవాడు. కండక్టరు ఇచ్చిన చిల్లరను చేతిలో పడగానే ఒకసారి, సీట్లో కూచున్నాక ఒకసారి, బస్సు దిగాక మరోసారి లెక్కపెట్టేవాడు. పావలా కాసును బండరాయి మీద వేసి మోత వినకుండా జేబులో వేసుకున్న రోజు లేదు.

ఆయనది పలాస వైపు. ఇరవై రెండో ఏట ఒరిస్సాలోని దిగపహండి రోడ్డు మీది ఈ చిన్న ఊరికి తెలుగు ప్రాథమిక పాఠశాల మాస్టారుగా వచ్చాడు. 1972 నాటికి పందొమ్మిదేళ్లయింది. భార్య లక్ష్మీకుమారి, ఇద్దరు పిల్లలు బరంపురంలో లంజిపల్లిలో అద్దె ఇంట్లో ఉండేవారు. ఆయన బడి వెనక గదిలో ఉండి, శనివారం ఒంటిపూట బడి అయ్యాక బస్సెక్కి ఇంటికి పోయి, సోమవారం మొదటి బస్సుకి తిరిగి వచ్చేవాడు. బడికి ఆయనొక్కడే మాస్టారు. అయిదు తరగతులు, నలభై ముగ్గురు పిల్లలు. ఆ పిల్లల తల్లిదండ్రులు కాస్తంత సొంత చెక్కల్లో, కౌలు చేలల్లో కూరగాయలు పండించి బతికేవాళ్లు. మగవాళ్లు నీళ్లు తోడి పాదులు చేస్తే, ఆడవాళ్లు తట్టలు ఎత్తుకుని శనివారం సంతకు వెళ్లి అమ్ముకొచ్చేవాళ్లు.

ఆ ఫిబ్రవరిలో మాస్టారికి నాలుగో తరగతి లెక్కల పుస్తకం మీద కూడా అనుమానం వచ్చింది. అందులో ఒక వర్తకుడు ఎప్పుడూ గజాల లెక్కన పట్టు కొని అమ్ముతుంటాడు. ఈ ఊరి పిల్లలు పట్టు చూసి ఎరగరు. వర్తకుడికి లాభం వచ్చిందో నష్టం వచ్చిందో వాళ్లకేం పట్టింది? కూడి పెట్టమంటే కూడేవారు, తీసెయ్యమంటే తీసేసేవారు, జవాబు రెండొందల రూపాయలొచ్చినా రెండు పైసలొచ్చినా వాళ్ల కళ్లలో తేడా ఉండేది కాదు.

అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టాడు. నాలుగో తరగతిలో ఉన్న తొమ్మిది మందీ ఆదివారం ఇంట్లో కూచుని, ముందురోజు సంతలో తమ అమ్మ ఏం అమ్మిందో, ఎన్ని కిలోలో, కిలో ఎంతకో నోటుబుక్కులో రాయాలి. మొత్తం ఎంత వచ్చిందో కట్టి సోమవారం చూపించాలి.

"ఉత్తుత్తి ధర రాస్తే ఊరుకోను. నిజంగా అమ్మిన ధరే రాయాలి. తెలిసిందా?"

"తెలిసింది మాస్టారూ," అన్నారు తొమ్మిది మందీ.

మొదటి సోమవారమే తేడా కనిపించింది. తల్లుల వెంట సంతకు వెళ్లిన పిల్లలు వంకాయలు కిలో అరవై అని రాశారు. ఇంట్లో ఉండిపోయిన పిల్లలు నలభై అయిదని రాశారు. ఒకే సంత, ఒకే వంకాయలు. ఇంట్లో ఉన్నవాళ్లు ఒకరి దగ్గర ఒకరు చూసి రాశారని నిశ్చయించి, నలుగురిని గోడ దగ్గర నిలబెట్టాడు.

రెండో సోమవారం అసలు పిల్లలే రాలేదు. నాలుగో తరగతిలో ఆరుగురు లేరు. ఒకడికి జ్వరమన్నారు, ఒకడు మేకల వెంట పోయాడన్నారు, ఒకతె మేనత్త ఊరెళ్లిందన్నారు. మంగళవారం ఆరుగురూ వచ్చారు. జ్వరం వచ్చినవాడు వేపచెట్టు కొమ్మకు వేలాడుతూ కనిపించాడు. మాస్టారు హాజరు పుస్తకంలో ఆ ఆరు పేర్ల పక్కన పెన్సిలుతో చిన్న చుక్కలు పెట్టుకున్నాడు.

మూడో సోమవారం అందరూ వచ్చారు, అందరూ లెక్క రాసుకొచ్చారు. వంకాయలు నలభై అయిదు, బెండకాయలు యాభై, టమోటాలు ముప్పై అయిదు. ఎనిమిది నోటుబుక్కుల్లో ఎనిమిదిసార్లు అవే ధరలు. పైసా తేడా లేదు. ఎనిమిది ఇళ్ల నుంచి వచ్చిన అంకెలు అలా ఒక్క మాట మీద నిలబడ్డం ఆయన ఎన్నడూ చూడలేదు. ఎవరో వెనక ఉండి చెప్పించారు.

తొమ్మిదో పుస్తకం కాసమ్మది. అందులో అరవై ఉంది.

కాసమ్మకు తొమ్మిదేళ్లు. సూరయ్య, తవిటమ్మల కూతురు. జడ ఊడిపోయినా, పక్కవాడు గిల్లినా లెక్క పూర్తయ్యేదాకా తల ఎత్తేది కాదు.

"అందరూ నలభై అయిదంటే నువ్వొక్కదానివే అరవై అంటావేం?"

"నాను అమ్మ పక్కనే కూసున్నాను మాస్టారూ. సిల్లర నానే ఇచ్చినాను."

వెనక బెంచీ నుంచి ఎవడో, "దీనికి పెద్ద తెలిసినట్టు!" అన్నాడు. మిగతావాళ్లు నవ్వలేదు. నేల చూపులు చూశారు. మాస్టారికి అదే ఎక్కువ అనుమానం కలిగించింది.

ఆ శనివారం ఆయన తిన్నగా బస్సెక్కలేదు. సంచీ భుజాన వేసుకుని సంతకు వెళ్లాడు. తవిటమ్మ కూచునే చోటుకు ఇరవై అడుగుల దూరంలో ఎండుచేపల బస్తాలుంటే వాటి చాటున నిలబడ్డాడు. గోనె మీద వంకాయలు గుట్టగా పోసుకుని తవిటమ్మ ఒడియాలో అరుస్తోంది.

"షాఠియే పైసా! షాఠియే పైసా!"

అంటే అరవై. ఎవరో బేరమాడితే కొసరుకు ఒక కాయ వేసింది గాని ధర దిగలేదు. అయిదుగురు కొన్నారు. అయిదుగురూ అరవై లెక్కనే ఇచ్చారు. మాస్టారు పాత బస్సు టిక్కెట్టు వెనక అయిదు గీతలు గీసుకున్నాడు. ఇక బయటికొచ్చి అడుగుదామనుకుంటూ ఉండగా కాసమ్మ గొంతు ఖంగుమంది.

"అమ్మా! మాస్టారు ఎండుసేపల కాడ నక్కున్నారు!"

చుట్టుపక్కల ఆడవాళ్లందరూ తిరిగి చూశారు. ఆయన గొంతు సవరించుకుని, చేపలు బేరమాడుతున్నవాడిలా రెండడుగులు అటు వేసి, చివరికి తవిటమ్మ ముందుకు వచ్చాడు.

"వంకాయలు అరకిలో."

"ముప్పై పైసలు మాస్టారూ!" అంది కాసమ్మ, తల్లి తక్కెడ ఎత్తకముందే.

ఆయన ముప్పై పైసలు ఇచ్చాడు. తవిటమ్మ తక్కెడ వైపు చూడకుండానే కాయలు తూచింది. కాయలు సంచీలో పడేటప్పుడు రెండు కిందికి దొర్లాయి. పక్కన టమోటాలమ్మే బుల్లమ్మ లేచి వచ్చింది. ఆవిడకు అరవై దాటాయి. ఈ ఊరి ఆడవాళ్లు సంతకొచ్చేది ఆవిడ వెంటే, తిరిగి వెళ్లేది ఆవిడ వెంటే.

"కాసమ్మా, ఎల్లి నాకు కిళ్లీ అట్టుకురా. సున్నం తక్కువెయ్యమను," అని పిల్లను పంపించి, ఆవిడ మాస్టారి వైపు తిరిగింది. "ఏటి మాస్టారు బాబూ, పోలీసోళ్ల కొలువులో సేరిపోనారేటి?"

"పిల్లల చేత అబద్ధాలు రాయిస్తున్నారు. ఎవరు రాయిస్తున్నారో చూద్దామని వచ్చాను."

"నానే రాయించినాను. సూసినారు గదా, ఇంక బస్సుకెల్లండి."

"ఎందుకు రాయించావు?"

"మీకెందుకు సెప్పాల?"

తవిటమ్మ తల వంచుకునే, "సెప్పీయే అత్తా," అంది. "సెప్పకపోతే ఆయన ఇల్లిల్లూ తిరిగి అడుగుతారు."

బుల్లమ్మ చెప్పింది. సంతలో ధర సంతది, ఇంట్లో ధర ఇంటిది. సంత నుంచి తిరిగి వెళ్లేటప్పుడు కాలవ గట్టు మీద తట్టలు దించుకుని, ఆ వారం ఇంట్లో ఏ ధర చెప్పాలో అందరూ కలిసి అనుకుంటారు. మగవాళ్లు టీ దుకాణం దగ్గర పెళ్లాం తెచ్చిన డబ్బు గురించి మాట్లాడుకున్నా ఎక్కడా తేడా రాకూడదు. మిగిలింది బుల్లమ్మ దగ్గర దాచుకుంటారు. ఎవరి మూట వారిది, ఎవరి ముడి వారిది. బుల్లమ్మ అత్తగారి నాటి నుంచీ అదే పద్ధతి.

"మీరేటి సేసినారూ, రెండు ధరల్నీ అట్టుకొచ్చి ఒక్క పుస్తకంలో రాయించీసినారు. పిల్లల్ని మానిపించినాం. హాజరంటారు, ఎన్నాళ్లని మానిపిత్తాం? ఇంటి ధరే రాయమన్నాం. అందరూ రాసినారు. దీని కూతురే రాయదు. మాస్టారు ఊరుకోరంటది."

"మొగుడితో అబద్ధం చెప్పడం, దానికి పద్ధతి అని పేరు పెట్టడం!" అన్నాడు మాస్టారు.

బుల్లమ్మకు కోపం రాలేదు. తవిటమ్మ కాళ్ల వైపు చూపించింది. చీలమండల మీద గుండ్రంగా, చుట్టూ ఉన్న చర్మం కంటే తెల్లగా రెండు మచ్చలున్నాయి.

"అక్కడ ఎండి కడియాలుండేవి. ఆళ్లమ్మ పెట్టింది. సూరయ్య అన్నగారితో గట్టు తగువు పెట్టుకున్నాడు గదా, జానెడు గట్టు! బరంపురం కోర్టులో పిలీడరికి ఇయ్యాలని అయ్యి తాకట్టెట్టీసినాడు. వొడ్డీతో డెబ్బై రెండయినాది. ఉగాది దాటితే సావుకారు కరిగించీసుకుంటాడు. దీని మూటలో అరవై ఏడున్నాయి. ఇంకో మూడు సంతలు. ఈలోగా సూరయ్యకి తెలిసిందా, ఆ అరవై ఏడూ పిలీడరికే."

"నాకవన్నీ అనవసరం. లెక్క లెక్కే," అన్నాడు మాస్టారు.

"అలగే కానీండి," అంది బుల్లమ్మ. ఆయన బస్సు వైపు నడుస్తుంటే, చెప్పేస్తాడో చెప్పడో తేల్చుకోలేక ఆవిడ చాలాసేపు ఆయన వీపు వంకే చూసింది.

శనివారం సాయంత్రం లంజిపల్లి ఇంట్లో మాస్టారు ఖర్చుల పుస్తకం తెరవడం పెళ్లయిన నాటి నుంచీ ఉన్న అలవాటు. లక్ష్మీకుమారి బియ్యం ఏరుతూ చెప్పేది, ఆయన రాసుకునేవాడు.

"పాలు ఏడు రూపాయలు. కిరసనాయిలు రూపాయి పది. కూరలు మూడూ నలభై."

"కూరల్లో వంకాయలెంత?"

"కిలో తొంభై."

ఆయన కలం ఆగింది. "సంతలో అరవై."

"సంతలో ఉంటుంది. ఇది బరంపురం. లారీవాడు, బండివాడు, అందరూ తినొద్దూ?"

సమాధానం బాగానే ఉంది. ఆయన పేజీలు వెనక్కి తిప్పాడు. వారం వారం ఇచ్చిన డబ్బు, అయిన ఖర్చు, మిగిలింది. పందొమ్మిదేళ్లలో ఒక్క పైసా తేడా రాలేదు. చాలాకాలం అది ఆయనకు గర్వంగా ఉండేది. ఇవాళ కొత్తగా కనిపించింది. నిజంగా కొనుక్కొచ్చినవాళ్లకు అలా కుదరదు. ఒకచోట చిల్లర తగ్గుతుంది, ఒకచోట మరిచిపోతారు, ఒకచోట రెండు పైసలు ఎక్కువ పోతాయి. ఇంత శుభ్రంగా కుదిరే లెక్కను ఆయన మూడో సోమవారం ఎనిమిది నోటుబుక్కుల్లో చూశాడు.

తల ఎత్తేసరికి లక్ష్మీకుమారి చేట ఆపి ఆయన్నే చూస్తోంది.

"ఏటలా చూస్తారు? రాసుకోండి."

ఆయన తొంభై అని రాసుకున్నాడు.

సోమవారం బస్సు దిగి బడి దగ్గరకు వచ్చేసరికి సూరయ్య మెట్ల మీద కూచుని ఉన్నాడు. తువ్వాలు తలకు చుట్టుకున్నాడు, చేతిలో కాసమ్మ నోటుబుక్కు ఉంది. కాసమ్మ స్తంభానికి ఆనుకుని నిలబడింది. సూరయ్య తాగుబోతు కాదు, కొట్టేవాడూ కాదు. కోర్టు తిరిగి తిరిగి ప్రతి మాట వెనకా ఇంకో మాట ఉంటుందని నమ్మేవాడయ్యాడు, అంతే.

"మాస్టారూ, నాకు సదువు రాదు. మీరు సదివి సెప్పాల. మనిసి మాట కాదు, కాయితం మాటే నిలబడతాదని మా పిలీడరు అన్నాడు." నోటుబుక్కు తెరిచి పేజీ మీద వేలు పెట్టాడు. "నిన్న ఈ పిల్ల గట్టిగా సదువుతాంటే ఇన్నాను. పన్నెండు కిలోలు, అరవై పైసలు, ఏడు రూపాయల ఇరవై అన్నాది. నా పెళ్లాం నాకిచ్చింది అయిదు రూపాయల నలభై. అడిగితే, పిల్ల తప్పు సేసినాది, మాస్టార్నే అడగమన్నాది. అడుగుతన్నాను. ఏది నిజం?"

మాస్టారు నోటుబుక్కు అందుకున్నాడు. అంకెలు గుండ్రంగా, ఒకదాని కింద ఒకటి తిన్నగా ఉన్నాయి. పన్నెండు అరవైలు ఏడు వందల ఇరవై. పైసల్ని రూపాయలు చేసేటప్పుడు చుక్క పెట్టడం చాలామంది మరిచిపోతారు. ఆ పిల్ల మరిచిపోలేదు. ఆయన ఆ పేజీని చూడవలసినదాని కంటే ఎక్కువసేపు చూశాడు.

"ఏటి మాస్టారూ, అంత కష్టమయిన లెక్కా?"

ఆయన జేబులోంచి ఎర్ర కలం తీశాడు. అరవై మీద అడ్డంగా గీత కొట్టాడు. పక్కన నలభై అయిదు వేశాడు. కింద అయిదు రూపాయల నలభై పైసలు అని రాసి, పేజీ పైన పెద్ద ఇంటూ గుర్తు పెట్టాడు. తప్పు కాని లెక్క మీద ఆయన ఆ గుర్తు పెట్టడం అదే మొదటిసారి.

"తప్పు చేసింది. నలభై అయిదు రాయాల్సింది."

సూరయ్య ఎర్రగీత వంక చూశాడు. ముఖం కొంచెం తేలికపడింది, పూర్తిగా పడలేదు.

"మీరూ సంతకెల్లినారంట గదా, శనివారం? పిల్ల సెప్పింది."

"వెళ్లాను."

"వంకాయలు కొన్నారంట. ఎంతిచ్చినారు?"

మాస్టారు మనసులో లెక్క కట్టాడు. అరకిలో నలభై అయిదు లెక్కన ఇరవై రెండున్నర పైసలవుతుంది. అర పైసా కాసు లేదు. తను ఇవ్వగలిగేది కాదు, ఆవిడ తీసుకోగలిగేదీ కాదు. సూరయ్యకు చదువు రాకపోవచ్చు గాని చిల్లర తెలుసు. అబద్ధానికి కూడా చిల్లర సరిపోవాలి.

"కిలో కొన్నాను. నలభై అయిదు పైసలిచ్చాను."

స్తంభం దగ్గర కాసమ్మ తల ఎత్తింది. నోరు తెరవబోయింది.

"కాసమ్మా, లోపలికెళ్లి సుద్దముక్కలు లెక్కపెట్టు," అన్నాడు మాస్టారు, ఆమె వంక చూడకుండా.

పిల్ల కదల్లేదు. రెండోసారి గట్టిగా అంటే వెళ్లింది. సూరయ్య కూతురు వెళ్లిన వైపు చూశాడు, మాస్టారి ముఖంలోకి చూశాడు. ఎవరినీ నమ్మని మనిషి చెప్పిన మాట కనక నమ్మవచ్చునని తేల్చుకున్నట్టున్నాడు. తువ్వాలు దులుపుకుని లేచాడు.

"దీనికి లెక్కలొస్తాయని మురిసిపోనాను. అరవైకీ నలభై అయిదుకీ తేడా తెల్దు," అని కేకేసి, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

మాస్టారు లోపలికి వచ్చాడు. కాసమ్మ సుద్దముక్కల డబ్బా పట్టుకుని నిలబడి ఉంది.

"ఎన్నున్నాయి?"

"పదిహేడు." తర్వాత నెమ్మదిగా, "మీరు ముప్పై పైసలే ఇచ్చినారు మాస్టారూ. నానే అందుకున్నాను," అంది.

"వెళ్లి కూచో."

ఇంకేం చెప్పడానికీ లేదు. చెప్తే ఆ పిల్ల ఇంట్లో దాచలేదు. దాచడం రాకపోబట్టే కదా ఇంతదాకా వచ్చింది.

ఆ రోజు నుంచి సంత ధరలు రాసుకురమ్మనడం మానేశాడు. నల్లబల్ల మీద తనే ఒక ఊరు, తనే ఒక సంత, తనే ఒక ధర పెట్టి లెక్కలిచ్చాడు. ఎనిమిది మంది హాయిగా చేసేవారు. కాసమ్మ మాత్రం బల్ల మీద ఆయన వేసిన కూడికను కింద వేళ్ల మీద మళ్లీ కూడి, సరిపోయాకే నోటుబుక్కులో ఎక్కించుకునేది. ఇంతకుముందులా లెక్క అవగానే పరిగెత్తుకొచ్చి చూపించేది కాదు. పిలిస్తే వచ్చేది. ఊరి ఆడవాళ్లకూ ఆయన మీద నమ్మకం కుదరలేదు. ఇవాళ చెప్పనివాడు రేపు చెప్పడని ఏమిటి? బుల్లమ్మ ఆయన ఎదురైతే తట్ట సర్దుకునే మిషతో మొహం పక్కకు తిప్పుకునేది. మాస్టారు మనసులో సంతలు లెక్కపెట్టుకున్నాడు. ఒకటి. రెండు. మూడు.

ఉగాది ఇంకా నాలుగు రోజులుందనగా తవిటమ్మ బావి నుంచి నీళ్లు తెస్తూ బడి ముందు నుంచి వెళ్లింది. చీర అంచు కింద వెండి కనిపించింది. మాస్టారు కిటికీలోంచి చూశాడు. ఒక కాలు చూసి ఊరుకోలేదు, రెండో కాలు కూడా కనిపించేదాకా నిలబడ్డాడు.

మధ్యాహ్నం సూరయ్య రోడ్డు మీద ఆపాడు. "నా పెళ్లాం కడియాలు దాని అన్న ఇడిపించినాడంట మాస్టారూ. ఆడికే తిండి లేదు. ఆడికంత డబ్బెక్కడిది?"

"నన్నడుగుతావేం? వాడినడుగు," అన్నాడు మాస్టారు.

మర్నాడు పిల్లలు వెళ్లిపోయే వేళకు ఆయన కాసమ్మను ఆగమన్నాడు. నోటుబుక్కు తెమ్మన్నాడు. ఏం చెప్పాలో మూడు రకాలుగా అనుకుని ఉంచుకున్నాడు. ఎర్ర కలం మూత తీసి, ఆ పేజీ కోసం వెతికాడు.

పేజీ దొరికింది. ఆయన కొట్టిన ఎర్రగీతా, ఇంటూ గుర్తూ అలాగే ఉన్నాయి. వాటి కింద పెన్సిలుతో, చిన్న అంకెలతో లెక్క మళ్లీ చేసి ఉంది. పన్నెండు అరవైలు. ఏడు రూపాయల ఇరవై పైసలు. దాని పక్కన సరి అన్న గుర్తు.

"ఈ గుర్తు ఎవరు పెట్టారు?"

"నానే."

"మాస్టారు కదా పెట్టాలి?"

కాసమ్మ ఆయన్ని కాసేపు పరీక్షగా చూసింది. కోపంగా కాదు. చిల్లర తక్కువిచ్చిన పెద్దమనిషిని చూసినట్టు, కొంచెం మర్యాదగా చూసింది.

"మీకారోజు తప్పొచ్చింది గదా మాస్టారూ," అంది.

నోటుబుక్కు కోసం చెయ్యి చాపింది. ఆయన ఇచ్చేశాడు. ఆ పిల్ల అక్కడే నిలబడి, పేజీ తెరిచి, ఎర్ర సిరాతో కొత్తగా ఏమైనా రాశాడేమోనని చూసుకుని, అప్పుడు సంచీలో పెట్టుకుంది.